పళ్ళెం నడుమ ఏముంది: న్యూయార్క్ కూరగాయల రెస్టారెంట్లు

కిందటి శీతాకాలం మాన్‌హటన్‌లో కాస్త పేరున్న ఒక వీగన్ రెస్టారెంటుకు వెళ్ళినప్పుడు, ప్రధాన వంటకం అంటూ మా ముందు ఒక క్యాబేజీ ముక్క పెట్టారు. పెద్ద క్యాబేజీని నిలువునా నాలుగు భాగాలు చేసి, అందులో ఒకదాన్ని అంచులు నల్లబడేదాకా పెనం మీద కాల్చి, తెల్లటి జీడిపప్పు ముద్ద మీద పడుకోబెట్టి, పైన లెక్కపెట్టినట్టు కొన్ని దానిమ్మ గింజలు చల్లారు. ధర 29 డాలర్లు. కత్తి పెట్టి కోస్తే పై మూడు పొరలు పొగవాసనతో, చిరుచేదుతో, అంచుల్లో కరకరలాడుతూ నిజంగానే బాగున్నాయి. కాడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆకు పచ్చిగానే ఉంది, పైగా చల్లగా ఉంది. దాన్ని నమిలే చప్పుడు పక్క బల్లవాళ్ళకు వినిపిస్తుందేమోనని నాకే మొహమాటం వేసింది.

మాతో వచ్చిన మా పెద్దమ్మ తన వంతు సగం తిని, జీడిపప్పు ముద్దను చెంచాతో ఒకసారి అటూ ఇటూ కదిపి, "కూర బాగానే ఉంది గానీ నాన్నా, అన్నమేదీ?" అని అడిగింది. ఆవిడ వేళాకోళానికి అనలేదు. అన్నం వెనకాల వస్తుందనుకుని నిజంగానే ఎదురుచూస్తోంది. ఆ తర్వాత ఈ నగరంలో కూరగాయల వంటకు పేరున్న చోట్లకు ఎక్కడికి వెళ్ళినా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. ఈ సమీక్షలో నేను వాడిన కొలబద్ద కూడా అదే.

ఇక్కడి రెస్టారెంటు భోజనం మాంసం చుట్టూ కట్టుకున్న భోజనం. ముందు చిన్న వంటకాలు, మధ్యలో పెద్ద మాంసం ముక్క, దాని పక్కన చేదోడుగా రెండు కూరలు, చివర తీపి. మాంసం తీసేస్తే పళ్ళెం నడుమ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని ఎలా నింపాలన్నదే ఈ షెఫ్‌ల అసలు సమస్య. కొందరు అక్కడ మాంసంలాగా కనిపించే పదార్థాన్ని పెడతారు. కొందరు ఒకే పెద్ద కూరగాయను, కాలిఫ్లవరో బీట్‌రూటో, మాంసం ముక్క హోదాలో కూర్చోబెడతారు. మరికొందరు అసలు నడుమ అనే మాటే లేకుండా చిన్న చిన్న పళ్ళేలు వరసగా పంపుతారు. మాకు క్యాబేజీ పెట్టినవారు రెండో దారి పట్టి సగంలో ఆగిపోయారు. క్యాబేజీలో 92 శాతం దాకా నీరే. ఆ నీరు బయటికి పోకముందే పైన మంట పెంచితే పై పొర మాడుతుంది, లోపల వేడే తగలదు. ముందు మూతపెట్టి మగ్గించి, లేదా ఓవెన్‌లో సన్నటి సెగ మీద గంటో రెండు గంటలో ఉంచి, ఆ తర్వాత పెనం మీద వేయాల్సిన పని అది. రద్దీగా ఉన్న రాత్రి ఆ గంటను మిగుల్చుకుని ఉంటారు. తిన్నవాళ్ళకు మాత్రం ఆ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది.

రెస్టారెంట్ల సంగతికి వెళ్ళేముందు పేర్ల గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. వెజిటేరియన్ అంటే ఇక్కడ గుడ్డు ఉండవచ్చు, ఉంటుంది కూడా. వీగన్ అంటే పాలు, వెన్న, గుడ్డు, తేనె ఏదీ ఉండదు. 1944లో ఇంగ్లండులో పుట్టిన ఆ మాటకు మొదటినుంచీ అర్థం గట్టిగానే ఉంది. కాబట్టి గుడ్డు తినని, పాలు మాత్రం తీసుకునే మనిషికి వెజిటేరియన్ బోర్డు కంటే వీగన్ బోర్డే నిశ్చింత. అన్నింటికన్నా జారుడు మాట "వెజిటబుల్ ఫార్వర్డ్". అక్కడ కూరగాయలు ముందుంటాయి, నిజమే; వాటి వెనక ఆంచోవీ చేప ముద్దో, పంది కొవ్వులో వేయించిన బ్రెడ్ పొడో ఉండవచ్చు. ఆ మాట కనిపిస్తే మెనూలో ప్రతి వంటకం గురించీ విడిగా అడగాలి.

మామూలు రెస్టారెంటులో "మాంసం లేదు కదా" అని అడిగితే చాలదు. సీజర్ సలాడ్ రసంలో ఆంచోవీ ఉంటుంది. ఉల్లిపాయ సూపు సాధారణంగా గొడ్డుమాంసం మరిగించిన నీళ్ళతో కాస్తారు. జపనీస్ వంటలో దాషీ అనే చారునీటికి చాలాచోట్ల ఎండిన బొనీటో చేపే ఆధారం. కొరియన్ ఊరగాయ కిమ్చీలో చేపల సాస్ గానీ ఉప్పు రొయ్యలు గానీ కలుస్తాయి. పర్మెజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఒకచోట, పేరు చెప్పను, "పూర్తిగా వెజిటేరియన్" అని నవ్వుతూ హామీ ఇచ్చిన కుర్రవాడు మేము సగం గిన్నె తాగాక పరుగున వచ్చి, సూపులో చేప ఉందని వంటింట్లో అప్పుడే చెప్పారని క్షమాపణ అడిగాడు. అతని తప్పు అంతగా లేదు, అతనికి తెలియదు. ఆరోజు నుంచి నేను "మాంసం ఉందా" అని అడగడం మానేసి, "చారుకు నీళ్ళు దేనితో కాచారు, వేయించిన నూనెలో ఇంకేం వేయిస్తారు" అని అడుగుతున్నాను. పూర్తి కూరగాయల రెస్టారెంటుకు వెళ్ళడంలో ఉన్న మొదటి సుఖం ఈ విచారణ తప్పడమే.

అలాంటి రెస్టారెంట్లలో నేను అందరికంటే ముందు చెప్పేది డర్ట్ క్యాండీ పేరు. అమాండా కోహెన్ దీన్ని 2008లో ఈస్ట్ విలేజ్‌లోని తొమ్మిదో వీధిలో, 18 మంది కూర్చునేంత గదిలో మొదలుపెట్టారు. 2015లో లోయర్ ఈస్ట్ సైడ్‌లో అలెన్ స్ట్రీట్‌లోని పెద్ద చోటుకు మార్చారు. 2022లో దీనికి మిషెలిన్ స్టార్ వచ్చింది; మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఒకటి నుంచి మూడు దాకా ఇచ్చే గుర్తింపు అది. మట్టిలో పండే మిఠాయి అని ఆ పేరుకు అర్థం. ఆ పేరులోనే ఆవిడ పంతం ఉంది. కూరగాయ ఒంటికి మంచిదనో, జంతువులకు మేలనో, భూమిని కాపాడుతుందనో ఆవిడ బతిమాలరు. రుచిగా ఉంటుంది కాబట్టి తినమంటారు, అంతే. వెజిటేరియన్ వంటశాల ఇది. ముందుగా చెబితే వీగన్‌గా కూడా చేసి పెడతారు.

ఇక్కడ వంటకాల పేర్లు చదివితే మొదట నవ్వొస్తుంది. బ్రకోలీతో హాట్ డాగ్, వంకాయతో తిరమిసు అనే ఇటాలియన్ మిఠాయి, ఉల్లిపాయ చేర్చిన చాక్లెట్ టార్ట్ వంటివి ఏళ్ళుగా వస్తూ పోతూ ఉన్నాయి. వంకాయను తీపి వంటకంలో పెట్టడం సర్కసు కాదా అని నాకూ అనుమానం కలిగింది. తింటే తెలిసిందేమిటంటే, ఉడికి మెత్తబడ్డ వంకాయ గుజ్జుకు తనదంటూ గట్టి రుచి తక్కువ, పట్టు మాత్రం ఎక్కువ. వెన్న, గుడ్డు చేసే పనిలో కొంత అది చేస్తుంది. తీపిలో కూరగాయ ఉండటం వింతకోసం మాత్రమే కాదన్నమాట. వీళ్ళకు ఎంతోకాలంగా పేరు తెచ్చిన పోర్టబెల్లో పుట్టగొడుగుల మూస్ నాకు ఇంకా నచ్చింది. చిన్న ఘనాకారంలో, వేలితో తాకితే అదిరేంత మెత్తగా ఉండే ఆ ముద్దను కాల్చిన రొట్టె మీద పూసుకుంటే, నోట్లో ముందు వెన్నలాంటి నునుపు, తర్వాత నెమ్మదిగా వాన తడిసిన చెక్కలాంటి పుట్టగొడుగు వాసన, అన్నిటికీ చివర ఉప్పు తెలుస్తాయి. అది కాలేయంతో చేసే పాటేకు బదులుగా వచ్చిన వంటకమే అయినా, తింటున్నప్పుడు దేనికి బదులో గుర్తుకు రాదు. నకలు అనేదాన్ని క్షమించగల సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

పళ్ళెం నడుమ ఖాళీకి కోహెన్ చెప్పే జవాబు, నడుమ అన్నదాన్నే రద్దు చేయడం. ఆ రుతువులో ఒక్కో కూరగాయకు ఒక్కో వంటకం, అయిదారు వంటకాల వరస. కూరగాయ ఒకటే, రూపాలు నాలుగు: పచ్చిగా, కాల్చి, ఆరబెట్టి, పులియబెట్టి. ఇందులో పెద్ద లాభం ఒకటుంది. వీగన్ భోజనాల్లో నన్ను తరచూ విసిగించే మెత్తదనం, అంటే ప్రతిదాన్నీ మిక్సీలో వేసి జీడిపప్పు గుజ్జు మీద పరిచే అలవాటు, ఇక్కడ తక్కువ. నష్టం కూడా ఒకటుంది. పప్పుధాన్యాలు దాదాపు కనిపించవు. రెండు గంటలు తిని బయటికి వచ్చేసరికి నాలుక తృప్తిపడుతుంది, కడుపు మాత్రం ఇంకేమైనా ఉందా అని చూస్తుంది. ఆకలిగా వెళ్ళే భోజనం కాదిది, కుతూహలంతో వెళ్ళేది.

డర్ట్ క్యాండీ గురించి ఇంకో మాట, బిల్లుకు సంబంధించింది. 2015లో కొత్తచోట తెరిచినప్పుడే కోహెన్ టిప్పు పద్ధతిని తీసేశారు. అప్పటికి ఈ నగరంలో అలా చేసినవారు బహు తక్కువ. అదే ఏడాది చివర పెద్ద రెస్టారెంట్ల సంస్థకు అధిపతి అయిన డానీ మేయర్ కూడా టిప్పు తీసేస్తామని ప్రకటించి, 2020లో వెనక్కు తగ్గారు. ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు.

తొమ్మిదో వీధిలో ఆవిడ ఖాళీచేసిన ఆ ఇరుకు గదిలోకి 2015లోనే ఎవరు వచ్చారో చూడండి: బ్రూక్స్ హెడ్లీ, తన సుపీరియారిటీ బర్గర్‌తో. ఒకే గది, రెండు కూరగాయల రెస్టారెంట్లకు పుట్టిల్లు అయ్యింది. హెడ్లీ అంతకుముందు డెల్ పోస్టో అనే ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంటులో తీపి వంటకాల షెఫ్. ఆ పనికి 2013లో, అమెరికా వంటరంగంలో పెద్దదైన జేమ్స్ బియర్డ్ పురస్కారం కూడా అందుకున్నారు. అంతకంటే ముందు పంక్ బృందాల్లో డ్రమ్స్ వాయించేవారు. అంతటి మనిషి 6 డాలర్ల బర్గర్ కోసం కొట్టు పెట్టడం అప్పట్లో వింతే. కూర్చోవడానికి గట్టిగా ఆరుగురికి చోటుండేది. మిగతావాళ్ళు బయట కాలిబాట మీద నిలబడి తినేవారు. 2023లో ఈ కొట్టు టాంప్కిన్స్ స్క్వేర్ పార్కుకు ఎదురుగా, అవెన్యూ ఏ మీద, ఒడెస్సా అనే పాత డైనర్ నడిచిన చోటికి మారింది. డైనర్ రూపాన్ని చాలావరకు అలాగే ఉంచారు. ఎత్తయిన వీపుల సోఫా బల్లలు, పొడవైన కౌంటరు చూస్తే ఇది మారింది యజమానా, కాలమా అని అనిపిస్తుంది.

ఆ బర్గర్‌లో నాకు నచ్చింది అది మాంసంలా నటించకపోవడం. ఎర్ర కినోవా గింజలు, శనగలు, క్యారెట్, అక్రోట్లు, సోంపు కలిపి చేసిన అట్టు అది. కొరికితే లోపల క్యారెట్ ముక్క క్యారెట్ ముక్కలాగే కనిపిస్తుంది. పెనం మీద రెండు వైపులా గట్టి పొర కట్టేదాకా వదిలేస్తారు. పైన ఓవెన్‌లో ముడుచుకుపోయిన టమాటా, కరిగిన చీజ్, పలచటి ఆకు, చిన్న మెత్తటి బన్ను. అరచేతిలో ఇమిడిపోతుంది. నాలుగు కొరుకుల్లో అయిపోతుంది. అయిదో కొరుకు కోసం మళ్ళీ వరసలో నిలబడాలా అని ఆలోచించేంత రుచి. ఇక్కడ నడుమ ఖాళీ అనే సమస్యే లేదు, ఎందుకంటే సాండ్‌విచ్‌కు నడుమ ఉండేది రొట్టె మోస్తున్న పదార్థం, రొట్టె కడుపు సంగతి చూసుకుంటుంది. పెద్దమ్మ అడిగిన అన్నం ఇక్కడ బన్ను రూపంలో ఉందని నాకు తట్టింది. కొల్లార్డ్ ఆకుల కూరను మందపాటి రొట్టెలో పెట్టిచ్చే సాండ్‌విచ్ ఇంకా బాగుంటుంది. ఆకుకూరను అంతసేపు ఉడికించే ఓపిక ఈ నగరంలో చాలామందికి లేదు. తీపి వంటకాల షెఫ్ చేతివాటం చివర వచ్చే ఐస్‌క్రీమ్‌లాంటి జెలాటో, సోర్బెలలో తెలుస్తుంది. వాటిని వదిలిపెట్టి లేవకండి. లోపం చెప్పాలంటే గోల. నలుగురు కూర్చుంటే ఎదుటివారి మాట వినడానికి ముందుకు వంగాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేటట్లయితే సాయంత్రం తెరవగానే వెళ్ళడం మంచిది.

ఈ కథలో అందరికీ తెలిసిన పేరు ఇలెవన్ మాడిసన్ పార్క్. ఆ ధర పెట్టి వెళ్ళే తాహతు నాకింకా రాలేదు కాబట్టి రుచి గురించి తీర్పు చెప్పను. అయినా అక్కడ జరిగింది చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. 2017లో ప్రపంచపు 50 మేటి రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానం పొందిన చోటది, మూడు మిషెలిన్ స్టార్లున్నది. కోవిడ్‌తో మూతపడ్డ రోజుల తర్వాత 2021 జూన్‌లో తెరిచినప్పుడు షెఫ్ డేనియల్ హమ్ మెనూ మొత్తాన్ని మొక్కల ఆహారంగా మార్చేశారు. కాఫీ, టీలోకి అడిగినవారికి పాలు, తేనె మాత్రం మిగిల్చారు. ధర మాత్రం మార్చలేదు: మనిషికి 335 డాలర్లు. ఒకప్పుడు బాతును పెట్టిన ప్రధాన స్థానంలో బీట్‌రూట్ వచ్చింది. దాన్ని పొగపెట్టి, ఆరబెట్టి, ఆకుల్లో చుట్టి, మట్టిపాత్రలో కాల్చి, బల్ల దగ్గర ఆ పాత్రను పగలగొట్టి వడ్డించేవారు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ ఆ శరదృతువులోనే ఆ బీట్‌రూట్‌ను గట్టిగా ఎండగట్టారు. మరోవైపు 2022లో మిషెలిన్ మూడు స్టార్లనూ నిలిపి ఉంచింది; మొక్కల మెనూతో మూడు స్టార్లున్న మొదటి రెస్టారెంటు అదే అయ్యింది.

నాకు ఆ బీట్‌రూట్ మీద జాలి కలుగుతుంది. బాతు బరువు మోయమని దాన్ని అడిగారు. పొగ, ఆరబెట్టడం, కుండ పగలగొట్టే తంతు, ఇదంతా బీట్‌రూట్‌ను బీట్‌రూట్‌గా చూపించడానికి కాదు, బాతు ఉన్నచోటు ఖాళీగా లేదని నమ్మించడానికి. మన పళ్ళెంలో కూర ఎంత గొప్పగా ఉన్నా దాన్ని ఒంటరిగా నడుమ నిలబెట్టం. పక్కన పప్పు, కింద అన్నం ఉంటాయి. ఒంటరిగా నిలబడితే ఏ కూరగాయకైనా భారమే. 2025 ఆగస్టులో హమ్, మాంసం మళ్ళీ మెనూలోకి వస్తుందని ప్రకటించారు; అక్టోబరు నుంచి కోరినవారికి మాంసం, చేప వడ్డిస్తున్నారు, మొక్కల మెనూ కూడా ఉంది. పెద్ద బృందాల బుకింగులు, వైన్ అమ్మకాలు తగ్గడం కూడా కారణాల్లో ఉందని ఆయనే చెప్పారు. చిత్రమేమిటంటే, అదే వేసవిలో, జులైలో, పారిస్‌లో మూడు స్టార్ల లార్పెజ్ నడిపే అలాన్ పసార్ మాంసం, చేప, గుడ్డు, పాలు వదిలేసి, తన తోటలోని తేనె తప్ప మిగతాదంతా మొక్కల వంటగా మార్చారు. ఆయన 2001లోనే ఎర్ర మాంసం తీసేసి, దాదాపు పాతికేళ్ళు సొంత తోటలు పెంచి, ఆ తర్వాత ఈ అడుగు వేశారు. ఒకరు ఒక్కరాత్రిలో మార్చారు, ఒకరు తరం పట్టి మార్చారు.

యూనియన్ స్క్వేర్ దగ్గర, జాన్-జార్జ్ వోంగెరిక్టెన్ 2017లో తెరిచిన ఏబీసీవీ గురించి ఎక్కువ చెప్పను. తెల్లటి గోడలు, పగటి వెలుగు, శుభ్రమైన వంట. పసుపు కలిపిన నువ్వుల ముద్దతో వచ్చే కాలిఫ్లవర్‌కు పేరుంది. మెనూలో దోసె కూడా పెట్టారు. నేను దోసెకు అభిప్రాయం చెప్పదలచుకోలేదు. దోసె విషయంలో నేను నిష్పక్షపాతిని కాను.

కొరియన్, చైనీస్ బౌద్ధ వంటశాలలు మాత్రం ఇంకో తీరువి. వీగన్ అన్న మాట పుట్టకముందే, వెయ్యేళ్ళుగా మఠాల్లో నలిగిన వంట వాటిది. 32వ వీధిలోని హంగావి 1994 నుంచి నడుస్తోంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తక్కువ ఎత్తు బల్లల ముందు మెత్తల మీద కూర్చోవాలి. బయట కొరియాటౌన్ రొద, లోపల మాత్రం నీళ్ళు పోస్తున్న చప్పుడు కూడా వినిపించేంత ప్రశాంతత. వేడి రాతి గిన్నెలో వచ్చే అన్నం కోసం నేను అక్కడికి వెళ్తాను. గిన్నె అంచుకు అంటుకున్న అన్నం మెల్లగా వేగి బంగారు రంగు మాడు కడుతుంది; దాన్ని చెంచాతో గీకి, కూరగాయలతో, కారం ముద్దతో కలుపుకుంటే పళ్ళెం నడుమ ఏముందన్న ప్రశ్నే తలెత్తదు. నడుమ అన్నం ఉంది, మిగతావన్నీ దాని చుట్టాలు.

చైనాటౌన్‌లో మాట్ స్ట్రీట్ మీద ఉన్న బుద్ధ బోడై వంటిచోట్ల నకలు మాంసం ఎక్కువ. గోధుమ గ్లూటెన్‌తో బాతు, సోయా మీగడ పొరలతో కోడి, కొంజాక్ దుంప పిండితో రొయ్య చేస్తారు. ఇందాక నకలును తిట్టి ఇక్కడ మెచ్చుకుంటున్నానేమని మీరు అడగవచ్చు. ఇక్కడి నకలులో పోటీ లేదు, వేడుక ఉంది. మాంసం తినే అతిథి వచ్చినప్పుడు మఠంవాళ్ళు మర్యాదగా చేసిపెట్టిన వంటల వారసత్వం ఇది. పైగా బౌద్ధ నియమం ప్రకారం వండేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, అడిగి నిర్ధారించుకోవాలి. యూదుల కోషర్ నియమాలకు సరిపడేలా ధ్రువీకరణ కూడా ఉండటంతో, ఒక బల్ల దగ్గర చైనీస్ ముసలమ్మలు, పక్క బల్ల దగ్గర కిప్పా టోపీల కుటుంబం, ఇంకో బల్ల దగ్గర మేము. పెద్దమ్మను ఈ వీధికి తీసుకువచ్చినప్పుడు వేయించిన రొయ్య ఆకారాన్ని చూసి మొదట చేయి వెనక్కు తీసుకుంది. దుంప పిండి అని నేను రెండుసార్లు చెప్పాక, "దుంపకు తోక ఎందుకు పెట్టార్రా?" అంటూ తోక విరిచి పక్కన పెట్టి, మిగతాది తినేసింది. ఆ రోజు ఆవిడ అన్నం అడగలేదు, ముందే వచ్చింది కాబట్టి.

మూతపడ్డవాటిని కూడా తలచుకోవాలి. ఈస్ట్ విలేజ్‌లో 1976 నుంచి నడిచిన ఏంజెలికా కిచెన్ 2017లో మూసేశారు. జపాన్ మఠాల శోజిన్ వంటను ఈ నగరానికి తెచ్చిన కజిత్సు 2009లో మొదలై 2022లో ఆగిపోయింది. అద్దెలు, జీతాలు పెరిగే నగరంలో కూరగాయల వంట చవక వ్యాపారమని చాలామంది అనుకుంటారు. నిజానికి సరుకు చవకైనా పని ఖరీదు. మాంసం ముక్కకు ఉప్పు రాసి పెనం మీద వేస్తే వంటలో సగం అయిపోయినట్టే. ఒక క్యారెట్‌ను ఆ స్థాయి వంటకంగా చేయాలంటే తొక్క తీయాలి, తరగాలి, రసం తీయాలి, ఆరబెట్టాలి, ఊరవేయాలి. ఆ గంటలన్నింటికీ జీతం ఉంది. "ఒక క్యాబేజీకి 29 డాలర్లా" అని నేనే గొణిగాను, ఒప్పుకుంటాను. అయితే ఆ ధర క్యాబేజీకి కాదు, దాని వెనక ఉండాల్సిన రెండు గంటలకు. ఆ రెండు గంటలూ ఎగ్గొట్టినప్పుడే నాకు కోపం వచ్చింది.

మెనూలో చూసిన ధర చేతినుంచి వెళ్ళే ధర కాదని కొత్తవాళ్ళు గుర్తుంచుకోవాలి. నగరంలో భోజనం మీద అమ్మకపు పన్ను 8.875 శాతం, టిప్పు 18 నుంచి 20 శాతం ఆనవాయితీ. మెనూలో 100 డాలర్లు తిన్నవారు 20 శాతం టిప్పు ఇస్తే దాదాపు 129 డాలర్లు చెల్లించి లేస్తారు. పన్నును రెట్టింపు చేసి టిప్పుగా ఇవ్వడం ఇక్కడివారి పాత సులువు లెక్క. టిప్పు కలిపేసిన చోట బిల్లు చివర ఆ సంగతి రాసి ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకండి. జీడిపప్పు పడనివాళ్ళు ముందే చెప్పాలి. వీగన్ వంటశాలల్లో మీగడ, చీజ్, సాస్ పేరుతో వచ్చేవాటిలో చాలావాటికి ఆధారం అదే.

ఇక ఏ నెలలో వెళ్ళాలన్నది. ఈ షెఫ్‌లలో చాలామంది సరుకు యూనియన్ స్క్వేర్ గ్రీన్‌మార్కెట్‌లో కొంటారు. 1976 నుంచి నడుస్తున్న ఆ రైతుబజారు సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. రాత్రి ఏం తింటారో ఉదయం అక్కడ ఒక చుట్టు తిరిగితే అర్థమైపోతుంది. ఏప్రిల్ చివర, మేలో ఆస్పరాగస్, అడవి వెల్లుల్లి ఆకులు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో టమాటా, మొక్కజొన్న, వంకాయ, మిరప. నవంబరు దాటితే గుమ్మడి, దుంపలు, క్యాబేజీ, మళ్ళీ మార్చి దాకా అవే. ఫిబ్రవరిలో ఎంత గొప్ప షెఫ్‌కైనా చేతికందేవి నాలుగైదు. మేము క్యాబేజీ తిన్నది ఫిబ్రవరిలోనే. ఖర్చుపెట్టి ఒక్కసారే వెళ్ళగలిగినవారు ఆగస్టు ఆఖరి వారాన్ని ఎంచుకుని, డర్ట్ క్యాండీకి ముందుగా బల్ల రిజర్వ్ చేసుకోండి. ఆ రోజు మధ్యాహ్నం కడుపునిండా ఏమైనా తిని మరీ వెళ్ళండి.